ఏనుగు తోక చివర మీ గుమ్మం

ప్రశ్న: పరిగెత్తిన దారిని ఫోన్‌లోని యాప్ జీపీఎస్‌తో మ్యాప్ మీద గీతగా గీస్తుంది కదా, ఆ గీత ఏనుగు బొమ్మ అయ్యేలా వీధుల్లో రూట్ వేసుకుని పొద్దున్నే పరిగెత్తాను. తీరా మ్యాప్‌లో చూస్తే తొండం పక్క భవనంలోకి దూరిపోయింది. కాళ్లు మూడే వచ్చాయి. వీపు మీద ఎక్కణ్నుంచో ఒక నిలువు గీత. నలుగురికీ చూపిస్తే ఎవరూ మెచ్చుకోలేదు. ఫోన్ వదిలేసి జీపీఎస్ వాచ్ కొనాలా? కొంటే ఎలాంటిది కొనమంటారు? స్క్రీన్‌షాట్ జత చేశాను.

జవాబు: ఏనుగు కాకపోతే చేప, చేప కాకపోతే డైనోసార్. జంతువు మారుతోంది తప్ప ఫిర్యాదు మారడం లేదు. "నేను సరిగ్గానే పరిగెత్తాను, ఫోనే తప్పు గీసింది" అని అందరూ రాస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి మీ ఏనుగును అడ్డం పెట్టుకుని అందరికీ ఇక్కడే చెబుతాను. యాప్ ఎలా పెట్టుకోవాలి, స్టార్ట్ ఎక్కడ నొక్కాలి లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు తొండం సంగతి. జపాన్‌కు చెందిన యసుషి తకహాషి దేశమంతా తిరిగి జీపీఎస్‌తో మ్యాప్ మీద 'మ్యారీ మీ' అని రాసి 2010లో గిన్నిస్ రికార్డు కొట్టాడు. ఆ రాత పొడవు 7,163 కిలోమీటర్లు. అంత పెద్ద అక్షరంలో 20 మీటర్లు అటో ఇటో పోయినా ఎవరికీ కనిపించదు. మీ ఏనుగు మొత్తం కలిపి నాలుగైదు కిలోమీటర్లు. తొండానికి మీరు వాడుకున్న రెండు సందుల మధ్య దూరం మహా అయితే 40 మీటర్లు. ఎత్తైన భవనాల మధ్య ఫోన్ 20 మీటర్లు తప్పిందంటే తొండంలో సగం పోయినట్టే. బొమ్మ చిన్నదవుతుంది గానీ దానితోపాటు తప్పు చిన్నది కాదు. రూట్ వేసేటప్పుడు దాదాపు ఎవరూ పట్టించుకోని విషయం ఇదే.

ఆ తప్పు ఎలా వస్తుందంటే, జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కణ్నుంచి సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఫోన్ దూరం లెక్కగడుతుంది. మైక్రోసెకను తేడా వచ్చిందంటే 300 మీటర్ల తప్పు. నేరుగా రావలసిన సిగ్నల్‌కు భవనం అడ్డుపడి, ఎదుటి గోడకు తగిలి వచ్చిన సిగ్నల్ మాత్రమే అందితే, అది చుట్టు తిరిగిన దూరం కూడా మీ లెక్కలో కలిసిపోతుంది. మీరు రోడ్డు మీదే ఉన్నారు. ఫోన్ లెక్క ప్రకారం ఎవరి పడగ్గదిలోనో ఉన్నారు. 2018 నుంచి కొన్ని ఫోన్లలో, తర్వాత వాచ్‌లలో, పాత ఎల్‌1 తోపాటు ఎల్‌5 అనే రెండో ఫ్రీక్వెన్సీ కూడా అందుకునే చిప్‌లు వస్తున్నాయి. గోడకు తగిలి వచ్చిన సిగ్నల్‌ను అసలుదాని నుంచి వేరు చేయడం వీటికి కొంత తేలిక. కొంతే. నేరుగా వచ్చే సిగ్నల్ అసలే అందని చోట ఏ చిప్ అయినా చేయగలిగింది తక్కువ.

ఇక కాళ్లు. మూడో కాలికీ నాలుగో కాలికీ మధ్య సందు చాలా చిన్నది కదా? బ్యాటరీ ఆదా కోసం ఫోన్ గానీ యాప్ గానీ సెకనుకోసారి కాకుండా అయిదారు సెకన్లకోసారి చోటు గుర్తించే పద్ధతిలో ఉండి ఉంటుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాళ్లు అయిదు సెకన్లలో 14 మీటర్లు దాటేస్తారు. చిన్న మూల తిరిగి వచ్చేశారంటే ఫోన్‌కు ఆ సంగతే తెలియదు. అలా గుర్తించిన ఒక్కో చోటూ మ్యాప్ మీద ఒక చుక్క. ఆ చుక్కల్లోనూ అనవసరం అనుకున్నవాటిని మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఏరిపారేస్తుంది. 1973లో డగ్లస్, పాయికర్ అనే ఇద్దరు రాసిన పద్ధతి ఇప్పటికీ దీనికి వాడతారు. గీత నుంచి పెద్దగా పక్కకు జరగని చుక్కలన్నీ తీసేయడం దాని పని. నదులకూ సరిహద్దులకూ బాగుంటుంది, ఏనుగు చెవులకు బాగుండదు. సెట్టింగ్స్‌లో రికార్డింగ్‌ను సెకనుకోసారికి మార్చండి. ఆ ఒక్క యాప్‌కు బ్యాటరీ సేవర్ తీసేయండి. మీరు ఆగారనుకుంటే రికార్డింగ్‌ను తనంతట తానే నిలిపేసే ఆటో పాజ్‌ను ఆపేయండి. దాన్ని ఆపితే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు గీత పిచ్చుకగూడులా చిక్కుపడుతుంది, నిజమే. అలాంటప్పుడు మీరే పాజ్ నొక్కండి, కదిలేటప్పుడు మళ్లీ నొక్కండి. మీరు ఆగారా, మెల్లగా మలుపు తిరుగుతున్నారా అన్నది ఆ ఆటో పాజ్‌కు ఇప్పటికీ తేడా తెలియదు.

వీపు మీది నిలువు గీత మాత్రం పూర్తిగా మీ తొందరే. గుమ్మం దాటీ దాటకముందే స్టార్ట్ నొక్కారు. ఫోన్‌కు చివరిసారి తెలిసిన చోటు ఇంకెక్కడో ఉంది. అసలు చోటు దొరికేసరికి అక్కణ్నుంచి ఇక్కడికి ఒక గీత లాగి చేతులు దులుపుకుంది. ఆకాశం కనబడే చోట ఒక నిమిషం నిలబడి, చుక్క కుదురుకున్నాక నొక్కండి.

ప్రశ్న: ఇంగ్లిష్ అక్షరాలు అందరూ రాస్తున్నారు, నేను తెలుగులో రాద్దామనుకుంటున్నాను. 'ప' రాస్తే 'వ' వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: చాలా రోజుల తర్వాత నాకు నచ్చిన ప్రశ్న వచ్చింది. 'వ'లో తలకట్టు అక్షరం ఒంటికి అంటుకుని ఉంటుంది, 'ప'లో విడిగా ఉంటుంది. కాగితం మీదైతే కలం ఎత్తుతాం. పరిగెత్తేవాళ్లకు ఎత్తడానికి కలం ఏది? ఒంటి నుంచి తలకట్టుకు మీరు పరిగెత్తిన దారి కూడా గీతే కాబట్టి 'ప' కాస్తా 'వ' అయిపోయింది. పాజ్ నొక్కి, వెళ్లి, తలకట్టు దగ్గర మళ్లీ మొదలుపెడితే సరిపోవాలి. కానీ చాలా యాప్‌లు పాజ్ నొక్కిన చోటునూ తిరిగి మొదలుపెట్టిన చోటునూ తిన్నని గీతతో కలిపేస్తాయి. రోడ్డే లేని చోట ఏటవాలు గీతలు గీసేవాళ్లు వాడుకునే కిటుకు ఇదే. వాళ్లకు వరం, మీకు శాపం. పరుగు దాచుకునే జీపీఎక్స్ ఫైల్‌లో ముక్కలను విడివిడిగా రాసుకునే ఏర్పాటు ఉంది. కొన్ని యాప్‌లు దాన్ని గౌరవించి మధ్యలో ఖాళీ వదులుతాయి, కొన్ని పట్టించుకోవు. ఒకే ఫైల్ ఒకచోట 'ప'గా, మరోచోట 'వ'గా కనిపించేది అందుకే. రెండు నిమిషాలు నడిచి, మధ్యలో పాజ్ నొక్కి, మీ యాప్ ఏ రకమో ముందే చూసుకోండి. కలిపే రకమైతే ఒంటినీ తలకట్టునూ రెండు పరుగులుగా దాచి, తర్వాత ఒకే మ్యాప్ మీద పరచండి.

పాజ్ లేకుండా ఒకే గీతలో ఏ బొమ్మ వస్తుందో ముందే తేల్చుకోవచ్చు. అది 1736 నాటి లెక్క. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్లోని వంతెనలన్నీ ఒక్కోసారే దాటి రాగలమా అనే చిక్కుముడి విప్పుతూ గణితవేత్త ఆయిలర్ చెప్పింది ఏమిటంటే, బేసి సంఖ్యలో దారులు కలిసే కూడళ్లు సున్నా గానీ రెండు గానీ ఉంటేనే, నడిచిన దారిలో మళ్లీ నడవకుండా మొత్తం గీయగలరు. అంతకుమించి ఉంటే ఎక్కడో ఒకచోట వెనక్కి రాక తప్పదు. రావడంలో తప్పేం లేదు, కాకపోతే వచ్చిన గీత వెళ్లిన గీత మీద పడదు, పక్కన పడుతుంది. గుర్రం కాలు లావెక్కిందేమిటి అని ఇంకో మెయిల్‌లో అడిగినాయనకు కూడా ఇదే జవాబు.

ప్రశ్న: గ్రాఫ్ కాగితం మీద గుండ్రంగా గీసి, ఒక్కో గడికి ఇంత అని అక్షాంశ రేఖాంశాలు వేసుకున్నాను. మ్యాప్ మీద కోడిగుడ్డులా వచ్చింది.

జవాబు: ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లే. రేఖాంశం అలా కాదు, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర సుమారు 79 కిలోమీటర్లు, 60 దగ్గర అందులోనూ తగ్గి 56. డిగ్రీలు వదిలేసి మీటర్లలో కొలవండి.

ఇక మీరెవరూ అడగని ప్రశ్నకు వస్తాను.

ఏనుగు గారూ, మీ స్క్రీన్‌షాట్ చూశాను. ఏనుగు కంటే ముందు తోక కనబడింది. అది ఒక సందులోకి తిరిగి, ఎడమ వైపు అయిదో ఇంటి ముందు ఆగింది. మొదలుపెట్టింది కూడా అక్కణ్నుంచే. కింద 5:42కు బయలుదేరినట్టు ఉంది, ఎంతసేపు పరిగెత్తారో ఉంది. అంటే రోజూ ఏ వేళకు ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గుతారో నాకు తెలిసిపోయింది. మెయిల్‌లో మీ పేరూ ఉంది. ఈ బొమ్మను నా ఒక్కడికే పంపారా? పంపలేదు. "ఎవరూ మెచ్చుకోలేదు" అని మీరే రాశారు.

మామూలు పరుగును ఎవరూ పనిగట్టుకుని ఊరందరికీ చూపించరు. బొమ్మ పరుగును చూపించడానికే పరిగెత్తుతారు. అక్కడే ప్రమాదం. మీ రోజువారీ రూట్ చూసేది పదిమంది స్నేహితులైతే, బాగా కుదిరిన బొమ్మను చూసేది ముక్కూ మొహం తెలియని వేలమంది.

"ఇంటి దగ్గరి గీత ఎవరికీ కనబడకుండా యాప్‌లో ఇంటి చుట్టూ దాచే వలయం పెట్టుకున్నాను" అంటారు చాలామంది. మంచిదే. కానీ అది మీ ఇంటినే మధ్యలో పెట్టుకుని గీసిన వలయమైతే, బడిలో చదివిన జ్యామితి చాలు. ఇవాళ తూర్పుకు వెళ్లారు, గీత వలయం అంచున మొదలైంది. రేపు ఉత్తరానికి, ఎల్లుండి పడమరకు. మూడు అంచులు దొరికితే వృత్తం దొరికినట్టే, వృత్తం దొరికితే కేంద్రం దొరికినట్టే. ఆ కేంద్రంలో ఉన్నది మీ మంచం. 2018లోనే పరిశోధకులు ఈ లొసుగును బయటపెట్టారు. కేంద్రాన్ని కాస్త పక్కకు జరిపే యాప్‌లు ఆ తర్వాత వచ్చాయి. వాటిలోనూ ఇంకో కన్నం ఉంది. కనిపించే గీత 5 కిలోమీటర్లే, పక్కనున్న అంకె మాత్రం 5.4 అంటుంది. దాచిన 400 మీటర్లలో పోవడానికి సగం, రావడానికి సగం. గీత ఆగిన చోటు నుంచి వీధుల వెంట 200 మీటర్లు కొలిస్తే ఎన్ని గుమ్మాలు తగులుతాయి? గీతను దాచి దూరాన్ని చాటింపు వేసే ఈ తెలివికి ఏం పేరు పెట్టాలో నాకు తోచడం లేదు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ వలయం ఇతరులకే. మీ తెరమీద మీకు గీత మొత్తం కనిపిస్తుంది. దాన్నే స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తే వలయం పెట్టుకుని లాభమేముంది? జీపీఎక్స్ ఫైల్ పంపడం అంతకన్నా అన్యాయం. అందులో ప్రతి చుక్కకూ సెకనుతో సహా టైము ఉంటుంది, కొన్నింట్లో గుండె వేగం కూడా. అది మామూలు అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఇదంతా నా భయమే అనుకుంటే 2018 జనవరిని గుర్తు తెచ్చుకోండి. పరుగుల యాప్ ఒకటి ప్రపంచంలోని తన వినియోగదారుల దారులన్నీ కలిపి, వెలుగుల మ్యాప్‌గా 2017 నవంబరులో విడుదల చేసింది. పేర్లేమీ లేవు, అన్నీ కలగలిపినవే. రెండు నెలల తర్వాత ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు దాన్ని తీరిగ్గా చూస్తే, చీకటి ఎడారుల మధ్య సైనిక స్థావరాల చుట్టూ పరుగుల గీతలు మెరుస్తూ కనిపించాయి. ఆ ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ, సైనిక కార్యకలాపాలు సాగే చోట్ల ఇలాంటి లొకేషన్ సదుపాయాలు వాడొద్దని ఆదేశించింది. సైనికులకైతే ఆదేశం ఇచ్చేవాళ్లున్నారు. మీకూ నాకూ ఉన్నది సెట్టింగ్స్‌లో నాలుగు మెనూల కింద దాక్కున్న ఒక మీట.

దాక్కున్న అని ఊరికే అనలేదు. చాలా యాప్‌లలో, కొత్తగా పెట్టుకోగానే 'అందరికీ కనిపించు' అన్నది ముందే ఆన్‌లో ఉంటుంది. 'ఎవరికీ వద్దు' అనడానికి మాత్రం వెతుక్కోవాలి. పెద్ద అప్‌డేట్ వచ్చాక మీరు మార్చుకున్నవి మళ్లీ మొదటికి వచ్చాయేమో చూసుకోవాలి. చాలావాటిలో ఈ మార్పు ఇకముందు పరుగులకే, పాతవి ఎక్కడివక్కడే బయట ఉంటాయి. వాటిని దాచడానికి వేరే బటన్ వెతుక్కోవాలి. తయారుచేసినవాళ్లకు తెలియక ఇలా పెట్టారనుకునేంత అమాయకత్వం నాకు లేదు. అందరూ దాచుకుంటే చూడ్డానికేమీ ఉండదు, చూడ్డానికేమీ లేకపోతే యాప్ తెరిచేవాళ్లుండరు.

కాబట్టి ఏనుగు గారూ, ముందు ఆ బొమ్మను తీసేయండి. ఈసారి ఇంటి నుంచి పది నిమిషాలు మామూలుగా నడిచి వెళ్లి, నలుగురూ తిరిగే చోట స్టార్ట్ నొక్కండి. ప్రతి బొమ్మకూ అదే చోటు వద్దు. బొమ్మ పూర్తయిన చోటే స్టాప్, అక్కణ్నుంచి ఇంటికి రికార్డింగ్ లేకుండా నడక. చూపించడానికి వెనక మ్యాప్ లేని ఒట్టి గీత చాలు. వీధుల పేర్లు కనబడితేనే ఏనుగు ఏనుగులా ఉంటుందనుకుంటే ఆ ఏనుగులోనే ఏదో లోపం ఉంది. "ఆదివారం పొద్దున్న ఈ రూట్‌లో నెమలి గీస్తున్నా" అని ముందుగా ప్రకటించడం మానుకోండి, ముఖ్యంగా ఒంటరిగా పరిగెత్తేవాళ్లు. ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ లింక్ ఇస్తే, పరుగు అవగానే అది ఆగిందో లేదో చూడండి.

వాచ్ కొనాలా అని అడిగారు కదా. ఖాళీ మైదానంలో ఇప్పుడున్న ఫోన్‌తోనే, సెకనుకోసారి రికార్డింగ్ పెట్టి, వైపుకు 100 మీటర్ల చొప్పున ఒక చతురస్రం నడవండి. నాలుగు మూలలూ మూలల్లా వస్తే డబ్బు దాచుకుని, పెద్ద ఏనుగును వెతుక్కోండి. మైదానంలోనే మూలలు అరిగిపోయి వస్తే మళ్లీ రాయండి. స్క్రీన్‌షాట్ మాత్రం పంపొద్దు.