ఆ మీట జోలికి వెళ్లకు

తమ్ముడికి అక్కయ్య ఆశీస్సులు.

"ఆయాసం వచ్చినప్పుడే ఆక్సిజన్ పెట్టుకుంటున్నాను అక్కయ్యా" అని నిన్న ఫోనులో అన్నావు. ఆ మాటతో నిద్రపట్టక రాస్తున్నాను. ఆక్సిజన్ తలనొప్పి మాత్ర కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన నీలాంటి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) వాళ్లు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి, ఆయాసం ఉన్నా లేకపోయినా. 1980, 1981లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వెలువడిన పరిశోధనల్లో, ఎక్కువ గంటలు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ కాలం బతికారు. రాత్రి నిద్ర, మధ్యాహ్నం కునుకు, పేపరు, టీవీ కలిపితే ఆ గంటలు ఇట్టే పూర్తవుతాయి.

ఇక మెషీనులో ఆక్సిజన్ ఎంత రావాలో తిప్పి పెట్టే ఆ మీట. డాక్టరు నిమిషానికి రెండు లీటర్లన్నారంటే మెషీను మీది గాజు గొట్టంలాంటి దాంట్లో గోళీ 2 అంకె ఉన్న గీత మీదే నిలవాలి. మీ బావగారు ఒక రాత్రి నాకు తెలియకుండా నాలుగుకు తిప్పుకున్నారు. తెల్లవారి, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ 97 శాతం చూపిస్తే పొంగిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆయనేమో తల పగిలిపోతోందంటూ, చేతిలో బ్రష్షుతోనే కూర్చుని తూగుతున్నారు. ఆసుపత్రిలో మణికట్టు దగ్గర రక్తం తీసి చూస్తే, ఆక్సిజన్ ఎక్కువవడంతో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి ఉంది. ఇలాంటివాళ్లకు ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలట. పొద్దున్నే తలనొప్పి, విడవని మగత కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పు.

ఆ తర్వాతే ఆయనకు రాత్రిపూట బైపాప్ (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఊపిరికి సాయం చేసే మెషీను) పెట్టారు. నీకూ ఇస్తే మొదటి రాత్రే మాస్కుతో కుస్తీ పట్టకు. పగలు కూర్చుని అరగంట చొప్పున అలవాటు చేసుకో. గాలి కారుతోందని పట్టీలు బిగించేస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ఆయనకు పడింది. పట్టీ కింద వేలు దూరాలి. అయినా కంట్లోకి గాలి కొడుతుంటే మాస్కు సైజు మార్పించు.

నీ సిగరెట్ సంగతి మరదలు చెప్పింది. ఆక్సిజన్ దగ్గర అది ముఖం కాల్చుకోవడమే. పొయ్యికీ దీపానికీ మూడు మీటర్ల దూరంలో ఉండు. ముక్కు ఎండితే పెట్రోలియం జెల్లీ రాయకు. కరెంటు పోతే వాడటానికి నిండు సిలిండరు ఉంచు. దానికి రెగ్యులేటర్ బిగించడం మరదలు పగటిపూటే నేర్చుకోవాలి. ఫిల్టరు వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి.

వచ్చేవాళ్లు చూస్తారని మెషీనును కర్టెను వెనక గోడకు ఆనించి పెట్టావట. ముందు దాన్ని బయటికి తియ్యి. అది నీకిచ్చే ఆక్సిజన్‌ను ఆ గదిలోని గాలి నుంచే తియ్యాలి.

మీ అక్కయ్య