హృదయశుద్ధి: మచ్చ లేని మనసా, కల్తీ లేని మనసా?

సందేహం: "హృదయశుద్ధిగలవారు ధన్యులు, వారు దేవుని చూచెదరు" అని మత్తయి సువార్త 5వ అధ్యాయం 8వ వచనంలో ఉంది కదా. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ప్రార్థనలో కూర్చున్నప్పుడు కూడా పిచ్చి ఆలోచనలు వస్తున్నాయని, కాబట్టి తనకు హృదయశుద్ధి లేనట్టేనని ఒకటే టెన్షన్ పడుతోంది. అసలు ఇక్కడ శుద్ధి అంటే ఏమిటి? చిత్తశుద్ధి, పరిశుద్ధత, పవిత్రత, నిర్మలత్వం అన్నీ ఒకటేనా? శుద్ధి అని రాయాలా, శుద్ది అని రాయాలా? ఫ్లెక్సీల మీద రెండూ కనబడుతున్నాయి. (ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మాయి టెన్షన్ సంగతి చూద్దాం, రాతలో ఒత్తు సంగతి చివర్లో చెప్తాను.

తెలుగులో శుద్ధ అనే మాటను మనం రెండు రకాలుగా వాడుతున్నాం. ఒకటి కడిగిన, మురికి పోయిన అని. నీళ్లు శుద్ధి చేయడం, ఇల్లు శుద్ధి చేయడం ఈ వరుసలోవి. రెండోది మనం రోజూ అంటూనే గమనించని వాడుక. శుద్ధ అబద్ధం అంటాం, శుద్ధ దండగ అంటాం, చదువు ఎక్కని పిల్లవాణ్ని శుద్ధ మొద్దు అంటాం. అబద్ధానికి శుభ్రత ఎక్కడిది? అందులో నిజం పాలు చుక్క కూడా లేదని చెప్పడానికే అక్కడ శుద్ధ వచ్చింది. ఇంకోటి కలవనిది, మొత్తం ఒకటే అయినది అని ఆ మాటకు అర్థం. మీ అమ్మాయి మొదటి అర్థాన్ని ఒక్కదాన్నే పట్టుకుని, మనసు మీద ఒక్క మరక పడ్డా అంతా పోయినట్టే అనుకుంటోంది. ఆ వచనంలో రెండో అర్థం చాలా బలంగా ఉంది, మన ప్రసంగాల్లో అదే తక్కువగా వినిపిస్తుంది.

కొత్త నిబంధన గ్రీకులో రాశారు కదా, ఆ వచనంలో ఉన్న గ్రీకు మాట కథరోస్. తెలుగు బైబిల్ అనువాదకులు ఈ ఒక్క మాటనే చోటును బట్టి వేరువేరుగా తెచ్చారు. యేసు దేహాన్ని అరిమతయియ యోసేపు చుట్టిన బట్ట దగ్గర "శుభ్రమైన నారబట్ట" అన్నారు, తిమోతికి రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో "పవిత్ర హృదయము" అన్నారు, మన వచనం ఉన్న కొండమీది ప్రసంగంలో "హృదయశుద్ధి" అన్నారు. బట్టకు శుభ్రం, మనసుకు శుద్ధి, ఎంత చక్కని తెలుగు చెవి వాళ్లది! ఇదే మాటను గ్రీకులో తూర్పారబట్టిన ధాన్యానికీ వాడేవాళ్లు. మత్తయి 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోయేవాడి చేతిలో చేట ఉందనీ, ఆయన తన కళ్లాన్ని బాగా శుభ్రం చేస్తాడనీ అంటాడు చూడండి, అక్కడి క్రియ కూడా ఈ కుటుంబానిదే. మన దగ్గర వడ్లు అమ్ముకునే రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కొనుగోలు కేంద్రంలో తాలు ఎంత ఉంది, మట్టి ఎంత కలిసింది అని చూస్తారు గానీ ప్రతి గింజా మెరుస్తోందా అని ఎవరూ చూడరు.

యేసు ఆ మాట అన్నప్పుడు వింటున్న యూదులకు వెంటనే గుర్తొచ్చేది 24వ కీర్తన. యెహోవా పర్వతానికి ఎక్కదగినవాడు ఎవడు అని అడిగి, "వ్యర్థమైనదానియందు మనస్సు పెట్టకయు కపటముగా ప్రమాణము చేయకయు నిర్దోషమైన చేతులును శుద్ధమైన హృదయమును కలిగియుండువాడే" అని జవాబిస్తుంది. శుద్ధ హృదయం పక్కన అక్కడ పెట్టినవి ఏమిటో చూడండి, వ్యర్థమైనదాని వెంట పోకపోవడం, కపటంగా ఒట్టు వేయకపోవడం. అంటే లోపల ఒకటి, బయట ఒకటి లేకపోవడం. యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో ఇంకా సూటిగా, "ద్విమనస్కులారా, మీ హృదయములను పరిశుద్ధపరచుకొనుడి" అంటాడు. శుద్ధి చేసుకోవాల్సిన హృదయం ఎవరిదయ్యా అంటే రెండు మనసుల వాడిది.

సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో ఇలాంటి మనిషి బొమ్మ ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైన వాక్యం. ఆ ఇంటాయన తిను, తాగు అని మర్యాదగా అంటూనే "తన ఆంతర్యములో లెక్కలు చూచుకొనువాడు", అది హృదయంలోనుంచి వచ్చే మాట కాదు అంటుంది. అన్నం పెడుతూ ముద్దలు లెక్కపెట్టే మనిషన్నమాట. వరంగల్ పల్లెల్లో ఇలాంటివాడికి సరిగ్గా ఎదురు మనిషిని "వాడు కడుపుల ఏం పెట్టుకోడు" అంటారు. నన్నడిగితే హృదయశుద్ధికి మన ఇళ్లలో ఉన్న మాటల్లో ఇదే దగ్గరిది. సండే స్కూల్ పిల్లలకు చెప్పేటప్పుడు దీన్ని ధైర్యంగా వాడొచ్చు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. కడుపులో ఏం పెట్టుకోకుండా మొహం మీద అనేస్తే చాలు, అదే హృదయశుద్ధి అనుకుంటే పొరపాటు. కల్తీ లేకపోవడమే మొత్తం అర్థమైతే నిలువునా పగతో నిండిన మనసు కూడా కల్తీ లేనిదే కదా, శుద్ధ అబద్ధం లాగా. అందుకే రెండు అర్థాలూ కలిసే ఉండాలి. బైబిల్లో మనసు మొత్తం ఒకటే కావడం అంటే దేవుని వైపు తిరిగి ఒకటి కావడం. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో "నీ పూర్ణహృదయముతోను" దేవుణ్ని ప్రేమించాలని ఉంది, పూర్ణహృదయం అంటే ముక్కలు కాని హృదయం. ఇంకొకటి, నేటి తెలుగులో హృదయం అనగానే ప్రేమ, జాలి, సినిమా పాట గుర్తొస్తాయి. బైబిల్లో హృదయం ఆలోచిస్తుంది, నిర్ణయిస్తుంది, లెక్కలు కూడా వేస్తుంది. మనం మనసు అనేదానికే అది దగ్గర. మనసు పెట్టి చదువు అంటాం చూడండి, ఆ మనసు. కాబట్టి హృదయశుద్ధి అంటే భావాలు ఎప్పుడూ ప్రశాంతంగా ఉండటం అని కూడా కాదు.

ఇప్పుడు మీ అమ్మాయి దగ్గరికి. 51వ కీర్తనలో "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అనే ప్రార్థన ఉంది. అది చేసింది ఎవరు? బత్షెబ విషయంలో పాపం చేసి, నాతాను ప్రవక్త వచ్చి నిలదీసిన తర్వాత దావీదు రాజు చేసిన ప్రార్థన అని కీర్తన పైనే రాసి ఉంటుంది. మచ్చ లేనివాడి నోట రాలేదు ఆ మాట. పైగా కడుగుము, పవిత్రపరచుము అని ముందు వచనాల్లో అడిగినవాడు ఇక్కడికి వచ్చేసరికి కలుగజేయుము అన్నాడు. హీబ్రూలో అక్కడ ఉన్న క్రియ, ఆదికాండం మొదటి వాక్యంలో దేవుడు భూమ్యాకాశాలను సృజించాడు అన్నచోట వాడిన క్రియే. తోమి తోమి తెల్లగా చేసుకోవడం తన చేతిలో లేదు, కొత్తగా పుట్టించాల్సింది నువ్వే అని ఆ రాజు ఒప్పుకుంటున్నాడు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో పేతురు కూడా అన్యజనుల, అంటే యూదులు కానివాళ్ల, హృదయాలను దేవుడు విశ్వాసం వల్ల పవిత్రపరిచాడు అంటాడు, వాళ్లే శుభ్రం చేసుకుని వచ్చారు అనడు. క్రైస్తవ విశ్వాసంలో హృదయశుద్ధి మొదట దేవుని దగ్గర పుచ్చుకునేది, ఆ తర్వాత కాపాడుకునేది. ఈ వరుస తలకిందులైతేనే పిల్లలకు భయం పట్టుకుంటుంది.

మరి ప్రార్థనలో వచ్చే ఆలోచనలు? ఆలోచన తలుపు తట్టడం వేరు, దాన్ని పిలిచి కూర్చోబెట్టుకోవడం వేరు. రెండోదాన్ని యేసు చాలా గట్టిగా తప్పుపట్టాడు, అదే 5వ అధ్యాయం 28వ వచనంలో మోహపు చూపు గురించి చెప్పింది అదే. మొదటిదానికి బైబిల్లో ఉన్న పేరు శోధన. హెబ్రీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం, యేసు అన్ని విషయాల్లోనూ మనలాగే శోధించబడ్డాడు, అయినా పాపం లేనివాడు అంటుంది. శోధన రావడమే మురికైతే ఈ వాక్యం నిలబడదు. భాష వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, శుద్ధి, శోధన రెండూ శుధ్ అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవి. శోధించడం అంటే వెతకడం, పరీక్షించడం, శుభ్రపరచడం కూడా. బంగారాన్ని కొలిమిలో పెట్టి చూసినట్టు. సామెతలు 17వ అధ్యాయంలో "హృదయ పరిశోధకుడు యెహోవాయే" అన్నప్పుడు పరిశోధకుడిలో ఉన్నదీ ఆ ధాతువే. అమ్మాయికి ఇది వివరంగా చెప్పండి. ఆలోచన వచ్చిందని ప్రార్థన ఆపి బాధపడుతూ కూర్చోవద్దనీ, ఆ ఆలోచననే దాచకుండా దేవునితో చెప్పుకోవచ్చనీ చెప్పండి. దాచుకోకపోవడం కూడా ఆ శుద్ధిలో భాగమే.

శుద్ధి అనే మాటకు మన నేల మీద ఇంకో బరువు ఉంది, దాన్ని దాటేసి పోతే అన్యాయం. మైల, అంటు, మడి, శుద్ధి ఇవన్నీ ఒక చోట తిరిగే మాటలు, వీటిని మనిషి పుట్టుకకు అంటగట్టిన చరిత్ర మనది. హిందూ మతంలోకి తిరిగి చేర్చుకోవడానికి ఆర్యసమాజం వాళ్లు చేసిన క్రతువు పేరు కూడా శుద్ధే. మన వైపు పల్లెల్లో క్రైస్తవంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చారు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి సేవ ఎక్కువగా సాగింది వాళ్ల మధ్యే. నీడ పడితేనే మైల అని విన్న మనిషి చెవిలో, శుద్ధి ఉండాల్సింది హృదయంలో అనే మాట పడితే ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మార్కు 7వ అధ్యాయంలో చేతులు కడుక్కోకుండా తిన్నారని శిష్యుల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు యేసు చెప్పింది ఇదే, బయటినుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రం చేయదు, హృదయంలోనుంచి బయటికి వచ్చేవే చేస్తాయి అని. గిన్నె బయట తోమి లోపల వదిలేసిన పరిసయ్యుల మీద (ఆచారాలను గట్టిగా పట్టుకున్న యూదు వర్గం) మత్తయి 23లో ఆయన కోపమూ అందుకే. ఇప్పటికీ సంఘంలో పెళ్లి సంబంధం అనగానే కులం అడిగేవాళ్లు ఈ వచనాన్ని గోడకు రాసుకుంటే చాలదు.

"దేవుని చూచెదరు" గురించి మీరు అడగలేదు గానీ రెండు మాటలు. చూచెదరు అనేది భవిష్యత్తు, గ్రీకులోనూ భవిష్యత్తే. నేటి తెలుగులో చూస్తారు అంటే రోజూ చూస్తారు అనీ రావచ్చు, ఇకముందు చూస్తారు అనీ రావచ్చు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం, ఇప్పుడు అద్దంలో చూసినట్టు, అప్పుడు ముఖాముఖిగా అని రెండు కాలాలనూ విడదీసి చెప్తుంది. మత్తయి వచనంలోని చూపు ఆ "అప్పుడు" నాటిది.

ఇక మిగతా మాటలు. చిత్తశుద్ధి అనగానే మనకు వేమన "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" గుర్తొస్తుంది, అక్కడ అర్థం హృదయశుద్ధికి చాలా దగ్గర. కానీ ఇప్పుడు పేపర్లు, టీవీలు ఆ మాటను వేరే దారి పట్టించాయి. హామీల అమలులో ప్రభుత్వానికి చిత్తశుద్ధి లేదు అంటే పని చేసే ఉద్దేశం లేదు అని. మత్తయి వచనంలో చిత్తశుద్ధి అని మారిస్తే వినేవాడికి పట్టుదల గలవారు అన్నట్టు తోచే ప్రమాదం ఉంది, కాబట్టి మార్చకపోవడమే మేలు.

పరిశుద్ధత వేరు. శుద్ధికి పరి చేరితే మామూలుగా మరింత శుద్ధి అని అర్థం రావాలి, కానీ తెలుగు బైబిల్లో ఆ మాట దేవునికి ప్రత్యేకించబడిన అనే భావానికి స్థిరపడింది. పరిశుద్ధ గ్రంథం, పరిశుద్ధ స్థలం అలా వచ్చినవే. ఇదే భావానికి కథోలికులు పవిత్ర వాడతారు. మెదక్, డోర్నకల్ సంఘాల్లో పరిశుద్ధాత్మ అంటే, కాజీపేట ఫాతిమానగర్ గుడిలో పవిత్రాత్మ అంటారు, రెండూ ఒకటే. నిర్మల అంటే మలం, అంటే మురికి, లేనిది. నిర్మల హృదయం అనే మాట కథోలికుల్లో మరియమ్మ గురించి ఎక్కువగా వినిపిస్తుంది. ఈ గీతలు మరీ గట్టివి కావు. యాకోబు మాటలోనే హృదయాలకు పరిశుద్ధపరచుకొనుడి అని వచ్చింది, పైన చూశాం.

సమాసం సంగతి కూడా చెప్పేస్తాను. హృదయశుద్ధి అంటే హృదయము యొక్క శుద్ధి, షష్ఠీ తత్పురుషం, కలిపి రాయాలి. గల అనేది కల, ఉన్న అనే అర్థం. శుద్ధహృదయులు అన్నా సరైనదే, అది బహువ్రీహి, శుద్ధమైన హృదయం కలవారు అని విడదీయాలి. రాతలో మాత్రం శుద్ధి ఒక్కటే ఒప్పు, ద కింద ధ వత్తు. శుధ్ కు తి చేరినప్పుడు త కాస్తా ధ అయి, ముందున్న ధ్ ద్ గా మారుతుంది. బుద్ధి, సిద్ధి ఇదే పద్ధతిలో వచ్చినవి. పెద్ద, ముద్ద, ఎద్దు లాంటి మన తెలుగు మాటలకు ద వత్తు చాలు. ఫ్లెక్సీ రాయించేటప్పుడు హృదయం దగ్గర కూడా చూసుకోండి, హ్రుదయం అని కొడుతున్నారు, అది తప్పు.