చెరువు గట్టు మీద థెరపీ

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. వయసు 38. ఆరెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తున్నాను. పోయిన పంటకి తెల్లమచ్చ రోగం తగిలి వంద కౌంటుకే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, పట్టుబడి చేసేయాల్సి వచ్చింది, పెట్టుబడిలో సగం కూడా రాలేదు. అప్పట్నుంచి రాత్రి కరెంటు పోయినా, ఫోన్ మోగినా గుండె దడదడలాడుతుంది, నిద్ర లేదు. మా ఆవిడ పోరు పడలేక ఆన్‌లైన్‌లో ఒక థెరపిస్టు దగ్గర చేరాను, నాలుగు సెషన్లు అయ్యాయి. ఆవిడ మంచావిడే. కానీ రాత్రి పదింటికి ఫోన్ గది బయట పెట్టి పడుకోమంటారు, రోజూ మనసులో మాట నోట్‌బుక్కులో రాయమంటారు. ఫోన్ బయట పెట్టేస్తే చెరువు మీద ఉన్న కాపలా కుర్రాడు ఎవరికి చేస్తాడండీ? ఆ మాట చెప్పలేక "చేస్తున్నానండి, బాగానే ఉందండి" అని ప్రతిసారీ అబద్ధమాడేశాను. ఇప్పుడు ఐదోసారి వీడియో ముందు కూర్చోవాలంటే మొహం చెల్లట్లేదు. ఊరికే మాట్లాడ్డానికి డబ్బులేంట్రా అని మా నాన్న ఎలాగూ గొణుగుతున్నారు. మానేద్దామా?

జవాబు: తమ్ముడూ, ఐదోది అయ్యేదాకా మానేయకండి. నాకు రాసిన ఈ ఉత్తరాన్నే ఈసారి కాల్ మొదట్లో ఆవిడకి చదివి వినిపించండి, అబద్ధమాడేశానన్న ముక్కతో సహా. ఆవిడ కోప్పడరు. ఇచ్చిన పని చేయకుండా చేశామని చెప్పేవాళ్ళు ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి కొత్తేం కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలోనూ బోలెడుమంది ఉన్నారు. పైగా మన గోదావరి జిల్లాల మర్యాద ఒకటుంది కదా, ఎదుటి మనిషి మీద గౌరవం ఉంటే "ఆయ్, అలాగేనండి" అనేసి ఇంటికొచ్చి మనకి తోచింది మనం చేసుకోవడం! బ్యాంకు మేనేజరు దగ్గర అది నడిచిపోతుంది. థెరపీలో నడవదు, ఎందుకంటే అక్కడ మందూ లేదు, సూదీ లేదు, మీరు చెప్పేదాన్ని బట్టే ఆవిడ తర్వాతి అడుగు వేయాలి.

ఇంకోటి. మీ భయంలో సగం భయం కాదు, అనుభవం. పగలు ఎండ ఉన్నంతసేపూ చెరువులో నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, చీకటి పడ్డాక ఆ నాచే రొయ్యలతో పోటీపడి పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అట్టడుక్కి పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగి, జనరేటర్ మొరాయిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న మనిషికి ఇది ఎలా తెలుస్తుంది? నిద్ర పట్టనివాళ్ళకి ఫోన్ దూరంగా పెట్టమనడం మామూలు సలహా, మంచి సలహానే, ఆఫీసు ఉద్యోగికి. మీకు కుదరదు. కుదరదని చెబితే ఇద్దరూ కలిసి ఇంకోటి ఆలోచిస్తారు.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. రాత్రి మీరు చేసే వాటిలో చెరువు కోసం చేసేవి ఏవి, దడ తగ్గడానికి చేసేవి ఏవి? కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేశాడో లేదో కనుక్కోవడం చెరువు కోసం. కరెంటు ఉండగానే పదకొండింటికోసారి, పన్నెండున్నరకోసారి, రెండింటికోసారి కుర్రాడికి ఫోన్ కొట్టడం, మధ్యలో వాతావరణం యాప్ చూడ్డం, అది దడ కోసం. రెండో రకం తగ్గించుకుంటూ రావాలి, మొదటిది ముట్టుకోకూడదు. కుర్రాడి నంబరుకి వేరే రింగ్‌టోన్ పెట్టి, ఆ ఒక్క నంబరు తప్ప మిగతావన్నీ రాత్రికి సైలెంట్‌లో పెట్టేయండి. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే వెంటనే చేయాలి, అంతా సవ్యంగా ఉంటే చేయక్కర్లేదు అని వాడికి ఖరాఖండిగా చెప్పండి. మనసులో మాట రాయడం మీ వల్ల కాకపోతే పోనీ, మేత లెక్క రాసే పుస్తకంలోనే ఓ పక్కన "రాత్రి ఏం జరుగుతుందని భయపడ్డాను, తెల్లారేసరికి ఏం జరిగింది" అని రెండు ముక్కలు, పది రోజులు రాసి ఆవిడకి చూపించండి. ఆవిడ అడిగేది కూడా దాదాపు ఇదే, మాట వేరు.

మాట అంటే గుర్తొచ్చింది, అన్నిటికీ "టెన్షన్" అనకండి. గుబులు వేరు, దడ వేరు, దిగులు వేరు, అప్పులవాడి ముందు తలొంచుకునే అవమానం పూర్తిగా వేరు. మీ ఉత్తరం చూస్తే దడ కంటే ఆ చివరిదే ఎక్కువేమో అనిపిస్తోంది నాకు.

దడ గురించి ఒకసారి మామూలు డాక్టరు దగ్గరకీ వెళ్ళండి. బీపీ, థైరాయిడ్, ఈసీజీ చూపించుకోండి, థైరాయిడ్ ఎక్కువైనా గుండె ఇలాగే కొట్టుకుంటుంది. మందులు అవసరమైతే అవి రాయాల్సింది సైకియాట్రిస్టు, మీ థెరపిస్టు సైకాలజిస్టయితే ఆవిడ రాయకూడదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడం తప్పు కాదు. ఆవిడ మీ అడ్రసూ, ఇంట్లో ఒకరి నంబరూ అడిగితే ఇవ్వండి, ఆరా తీయడం కాదది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి మీకేదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి మరి? అప్పులు తలుచుకుని ఏ రాత్రయినా బతుకు మీద విరక్తి పుడితే మాత్రం వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఇంట్లోవాళ్ళని లేపండి, 14416కి చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మీ నాన్నగారి సంగతంటారా, చెరువుకి నీళ్ళ పరీక్ష చేయించడానికి డబ్బులిస్తారు కదా, ఇదీ అలాంటిదేనని చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ప్రశ్న: మేడమ్, మాది అమలాపురం దగ్గర. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. చిన్న విషయానికే ఏడుపు, విసుగు వస్తుంటే కంపెనీవాళ్ళే ఇప్పించిన ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకుంటున్నాను. ఇంట్లో అందరూ ఉంటారు, తలుపేసుకుంటే అనుమానం. కొబ్బరితోటలోకి వెళ్ళి మాట్లాడుతుంటే, గంటసేపు ఎవరితో అని మా అత్తయ్య అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: "కంపెనీవాళ్ళు పెట్టిన మేడమ్‌తో, ఈమధ్య విసుగ్గా ఉంటోందని" అనేయండి. అబద్ధం కాదు, పూర్తి నిజం చెప్పాల్సిన అవసరమూ లేదు. రోజుకో కారణం చెప్పారో, అప్పుడు మొదలవుతుంది అసలు అనుమానం. మీ ఆయనకి మాత్రం ముందే చెప్పి ఉంచండి, అత్తయ్య ముందు తెల్లమొహం వేయకుండా.

తోటలోకి ఎవరైనా వస్తే అనడానికి ఒక మాట మీ కౌన్సెలర్‌తో అనుకోండి. "ఆ రిపోర్ట్ పంపిస్తానండి" అన్నారంటే ఆవిడ మాట మార్చేయాలి, అంతే. సిగ్నల్ పోతే వీడియో మానేసి మామూలు ఫోన్‌లో మాట్లాడినా పనవుతుంది. అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీసే వేళ అయితే ఇంకా నయం.

కంపెనీకి ఏం తెలుస్తుందోనని మీకు లోపల ఉండే ఉంటుంది, మీరు రాయలేదు గానీ. వైద్యంలో చెప్పుకున్నవి గోప్యంగా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, ప్రాణానికి ముప్పు లాంటి సందర్భాలు తప్పిస్తే. అయినా మొహమాటపడకుండా "నా ఆఫీసుకి ఏం వెళ్తుంది, ఏం వెళ్ళదు" అని కౌన్సెలర్‌నే అడగండి. తడుముకుంటే, ఆఫీసు మీద కోపం గురించి అక్కడ మాట్లాడకండి. సూటిగా చెప్పారా, ఇక తోటలో కూర్చుని ఏడవాలనిపించినంతసేపు ఏడవండి, దోమలకి మాత్రం ఏదైనా రాసుకుని వెళ్ళండి.