కన్వర్టర్ కొనే ముందు ఆ బోల్టు చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కారు వెనక తగిలించుకునే నీ క్యాంపింగ్ ట్రైలర్‌లో లైట్లు మసకగా వెలుగుతున్నాయనీ, నీళ్ళ పంపు మూలుగుతోందనీ, కన్వర్టర్ పోయినట్టుంది కాబట్టి కొత్తది కొంటున్నాననీ రాశావు. కాస్త ఆగు. నేనూ అచ్చం అలాగే కొన్నాను. కొత్తది బిగించాక కూడా లైట్లు అలాగే ఏడుస్తుంటే, రెండు రోజులు తల బాదుకున్నాక తేలింది: బ్యాటరీ నెగటివ్ వైరును చాసిస్‌కి, అంటే ట్రైలర్ కింది ఇనుప చట్రానికి, బిగించిన బోల్టు తుప్పు పట్టింది, అంతే. తీసేసిన కన్వర్టర్ ఇప్పటికీ నా షెడ్డులో నిక్షేపంలా ఉంది.

ట్రైలర్‌లో తిరిగే కరెంట్లు రెండు. ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు బయటి కరెంటు మీద నడుస్తాయి. అమెరికాలో అది 120 వోల్టులు, చాలా దేశాల్లో 230. లైట్లు, పంపు, హీటర్ ఫ్యాను బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులతో నడుస్తాయి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌లో కంట్రోల్ బోర్డుకీ ఆ 12 వోల్టులు కావాలి. అది తెలియక గ్యాస్ అయిపోయిందనుకుని సిలిండర్ మార్చినవాళ్ళున్నారు! కన్వర్టర్ పని బయటి కరెంటును 12 వోల్టుల స్థాయికి దించి బ్యాటరీని ఛార్జ్ చేయడం.

నీ గొడవ 12 వోల్టులది. బయటి ప్లగ్ తీసేసి కొన్ని గంటలు వదిలెయ్. తర్వాత బ్యాటరీ మీద మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెట్టు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దాకా చూపిస్తుంది, 12.1కి వచ్చిందంటే సగం ఖాళీ. ఇప్పుడు ప్లగ్ పెట్టి మళ్ళీ చూడు. 13 దాటిందా, కన్వర్టర్ బతికే ఉంది. దాటలేదా, బ్రేకర్ పడిందేమో, బ్యాటరీ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో, కన్వర్టర్ దగ్గరున్న రివర్స్ పోలారిటీ ఫ్యూజులు పోయాయేమో చూడు. బ్యాటరీ వైర్లు ఒక్క క్షణం తారుమారైనా అవి ఎగిరిపోతాయి. ఈమధ్య బ్యాటరీ విప్పి బిగించావా?

అసలు పరీక్ష లోడ్ మీద చెయ్యాలి. అన్నీ ఆపేసి కొలిస్తే, వైరు తెగిపోయి ఒక్క పోగు మీద వేలాడుతున్నా మీటర్ 12 చూపించి నిన్ను మోసం చేస్తుంది. ప్లగ్ తీసి, లైట్లన్నీ, పంపూ వెయ్యి. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోది చాసిస్‌లో రంగు గీకిన ఇనుము మీద పెట్టు. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు వచ్చిందంటే దొంగ ఆ మధ్యలోనే దాక్కున్నాడు. ఆ బోల్టు విప్పే ముందు బయటి ప్లగ్ తీసి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయి. ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయి. టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లపొడీ వదలకు.

ఇంకో మాట. 15 ఆంపియర్ల ఫ్యూజు పోతే 15దే పెట్టు. 30 పెడితే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది.

గోడ ప్లగ్గుల్లో కొన్ని మాత్రమే పనిచేయకపోతే బాత్రూమ్‌లో రీసెట్ బటన్ ఉన్న ప్లగ్ చూడు. చాలా ట్రైలర్లలో మిగతావి దాని వెనకే ఉంటాయి. బయటి కరెంటులో అంతకుమించి నువ్వు చెయ్యి పెట్టొద్దు. తలుపు గొళ్ళెం ముట్టుకుంటే జివ్వుమందంటే మాత్రం బాడీకి కరెంటు వస్తున్నట్టే. ఇంకోసారి ముట్టుకుని చూడకు, ట్రైలర్‌కి దూరంగా ఉండు. కరెంటు వచ్చే చోట బ్రేకర్ దించి, ఆ తర్వాతే ప్లగ్ తీసి, ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

వచ్చిన అంకెలన్నీ రాసి పంపు. ఇవన్నీ చూశాక కూడా 13 దాటకపోతే కన్వర్టర్ మారుద్దాం. కొనొద్దు, నా షెడ్డులోది ఉందిగా. నీది ఎన్ని ఆంపియర్లదో రాయి చాలు.

నీ మామయ్య