సెంటర్‌కు వెళ్లే ముందు ఇది చదువు

చిన్నోడా,

ఆదివారాలు నెల్లూరులో డీ అడిక్షన్ సెంటర్‌కు వాలంటీరుగా వెళ్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తాగుబోతుల మధ్య వీడికేం పని అని ఒకటే టెన్షన్ ఆమెకు. నాకూ భయమే గానీ, నా భయం వేరు. మనింటి పిల్లాడికి ఈ బుద్ధి పుట్టినందుకు లోపల గర్వంగానే ఉందనుకో, అది నెత్తికెక్కించుకోకు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. ఎవరికీ అప్పివ్వకు. అక్కడ విన్న మాట గడప దాటనివ్వకు, మన ఊరోళ్లు కనబడితే మరీను. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు పెట్టావంటే నేనే వచ్చి చెవి మెలిపెడతా. ఉపన్యాసాలు దంచకు. తాగితే లివర్ పోతుందని వాళ్లకు నీకంటే బాగా తెలుసు.

రమణ మామయ్య గుర్తున్నాడా? అరుగు మీద కూర్చుని, నువ్వు ఎన్నిసార్లు ఎదురుపడితే అన్నిసార్లు "ఎవరబ్బాయివి నాయనా, ఏం చదువుతుండావు?" అని అడిగేవాడు. నువ్వు విసుక్కునేవాడివి. వయసు మీదపడి మతి తప్పిందని మీ పిల్లలకు చెప్పాం. అబద్ధంరా. మతి తప్పేనాటికి వాడికి ముప్పై ఏళ్లు కూడా సరిగ్గా లేవు.

1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక ఆ ఊపు మన పక్కకూ వచ్చింది. మరుసటేడు ఏప్రిల్‌లో జిల్లాలో సారా ఆపేశారు, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. ప్యాకెట్ల మూటకు నిప్పు పెట్టినోళ్లలో మీ అమ్మమ్మా ఉంది. చాలా మంచి పని, ఇప్పటికీ అదే అంటా. కానీ ఏళ్ల తరబడి పొద్దున్నే సారాకు అలవాటుపడ్డ ఒంటికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

తాతయ్య మామయ్యను గొడ్లచావడి పక్క గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టాడు. మూడు రోజులు ఓర్చుకుంటే మనిషవుతాడన్నాడు. మొదటిరోజు వణుకుతో మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాడంట. మర్నాడు ఫిట్స్. మూడోనాడు గోడ నిండా తేళ్లున్నాయని కేకలు, లేని తేళ్లను ఒంటిమీంచి దులుపుకోవడం. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నర్సు ట్రైనింగ్‌లో ఉన్న నాకు కబురందేసరికే ఆలస్యమైపోయింది. ప్రాణం దక్కింది గానీ, పొద్దున అన్నం తిన్న సంగతి మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. తాగుడు వల్ల బి1 విటమిన్ బాగా పడిపోయి మెదడు అట్లా దెబ్బతింటుందని, వెంటనే ఇంజెక్షన్లు పడితే కాపాడుకునే వీలుండేదని తర్వాత వార్డులో పనిచేస్తూ తెలుసుకున్నా. తాతయ్య మాత్రం పోయేదాకా దెయ్యమనే అన్నాడు. ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాదు. కొడుకు బాగుపడాలనేగా గొళ్లెం పెట్టింది.

అందుకే, రోజూ పొద్దున్నే తాగే మనిషి నీ మాట మీద "రేపట్నుంచి చుక్క ముట్టను తమ్ముడూ" అన్నాడంటే పొంగిపోకు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఆపిన ఆరు గంటలకే వణుకు మొదలవచ్చు. ఫిట్స్ వస్తే చాలావరకు తొలి 48 గంటల్లోనే వస్తాయి, రెండు మూడు రోజులకు ఆ తేళ్లు కనబడటం. అవి దాటించడం డాక్టరు పని. సాయంత్రం ఆరింటికి ఏం తోచక రోడ్డువైపు చూసే మనిషి పక్కన కూర్చుని టీ తాగడం నీ పని. మళ్లీ తాగొస్తే మొహం తిప్పుకోకుండా కుర్చీ వేయడం కూడా. చాలామంది మళ్లీ తాగుతారురా, అదేదో నిన్ను అవమానించినట్టు అలగొద్దు.

భార్యలు నిన్ను పక్కకు పిలిచి, కూరలో కలిపే బిళ్లలు ఉన్నాయా బాబూ అని అడుగుతారు. డైసల్ఫిరామ్ అనే ఆ బిళ్ల డాక్టరు రాసి, వేసుకునేవాడికి తెలిసి వాడాల్సింది. చాటుగా పెట్టాక అతను తాగితే మొహం ఎర్రబడి, గుండెదడ, వాంతులతో బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇది చెప్పు, కానీ ఆమెను కసురుకోకు. ఎన్ని రాత్రులు నిద్రలేకుండా గడిపి వచ్చిందో.

14446 అని టోల్‌ఫ్రీ నంబరుంది, వ్యసనాల మీద సలహా చెబుతారు. అది అందరికీ రాసివ్వు. నీ నంబరు మాత్రం ఇవ్వకు. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఎత్తకుండా ఉండలేవు, చెప్పులైనా వేసుకోకుండా బండి తీస్తావు, నీ సంగతి నాకు తెలీదా.

మీ పెద్దమ్మ