తీసేశానని అనుకోవడం వేరు, పోయిందని చూసుకోవడం వేరు

తమ్ముడూ,

"సర్వర్ మీంచి తీసేశానన్నా, ఎర్రర్ కూడా ఏం రాలేదు" అని రాశావు చూడు, సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు డౌట్ కొట్టింది. ఎర్రర్ రాలేదంటే కమాండ్ పని అయిపోయిందనే గానీ సాఫ్ట్‌వేర్ పోయిందని కాదు కదా.

నువ్వు కొట్టింది ఆప్ట్ రిమూవ్ (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ తీసే కమాండ్) అయితే ప్రోగ్రామ్ పోతుంది, ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైళ్లు, అంటే సెట్టింగ్స్ ఫైళ్లు, అలాగే ఉంటాయి. ప్యాకేజీల లిస్ట్ చూపే డీపీకేజీ కమాండ్‌ని చిన్న ఎల్‌తో (హైఫన్ ఎల్) కొట్టి చూడు, పేరు పక్కన ఆర్‌సీ అని కనిపిస్తే అదే సంగతి, అప్పుడు కాన్ఫిగ్‌లు కూడా తుడిచేసే పర్జ్ కొట్టాలి. ఆర్‌పీఎం ప్యాకేజీలు వాడే సర్వర్ (రెడ్ హ్యాట్ లాంటిది) అయితే నువ్వు మార్చిన కాన్ఫిగ్‌లు ఆర్‌పీఎంసేవ్ అనే తోకతో మిగిలిపోతుంటాయి.

అయితే ఆప్ట్ లాంటి ప్యాకేజీ మేనేజర్‌కి తను పెట్టినవే తెలుస్తాయి, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నా. ఒకసారి డేటాబేస్ తీసేసి ఇంక అయిపోయిందని హాయిగా కూర్చున్నా, మర్నాడు చూస్తే ఆ డేటాబేస్ వాడే 3306 పోర్ట్ ఇంకా పలుకుతోంది, తల పట్టుకుని వెతికితే ఎవరో ఎప్పుడో సోర్స్ నుంచి కంపైల్ చేసి యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో పడేసిన ఇంకో కాపీ అది! నేను తీసింది ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి. అప్పట్నుంచి ప్రోగ్రామ్ ఎక్కడెక్కడ ఉందో చూపే విచ్ కమాండ్‌ని హైఫన్ ఏ పెట్టి కొట్టకుండా ఏదీ నమ్మను, ఆప్ట్ అనే ఫోల్డర్ కూడా ఓసారి చూస్తా (అది స్లాష్ ఓపీటీ, నువ్వు వాడే ఆప్ట్ కాదు).

ఇంకోటి, ఫైల్ డిలీట్ అయినా ప్రాసెస్ మెమరీలో నడుస్తూనే ఉంటుంది. ఎస్ఎస్ కమాండ్‌తో ఏ పోర్ట్ మీద ఏ ప్రోగ్రామ్ కూర్చుందో చూడు, నడుస్తున్న ప్రాసెస్‌లు చూపే పీఎస్ కొట్టి, గ్రెప్‌తో అందులో పేరు వెతుకు, గ్రెప్ తన లైన్‌ని కూడా చూపిస్తుంది, దానికి కంగారు పడకు. సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో చేత్తో రాసిన యూనిట్ ఫైల్ (సర్వీస్‌ని ఎలా నడపాలో చెప్పేది) ఉంటే తీసేసి డీమన్ రీలోడ్ కొట్టు. క్రాన్ (టైమ్‌కి నడిచే పనులు), లాగ్‌రొటేట్ (లాగ్‌లు మార్చేది), రెపో లిస్ట్ (ప్యాకేజీలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పేది), ఫైర్‌వాల్‌లో తెరిచిన పోర్ట్ ఇవన్నీ కూడా చూసేయ్.

వార్ లిబ్ ఫోల్డర్‌లో ఉన్న డేటా మాత్రం బ్యాకప్ తీయకుండా ముట్టుకోకు. సాఫ్ట్‌వేర్ కోసం క్రియేట్ అయిన యూజర్‌ని తీసేసేటప్పుడు కూడా జాగ్రత్త, ఆ యూజర్ ఫైళ్లు ఓనర్ పేరు బదులు నంబర్‌తో మిగిలిపోతాయి, రేపు ఇంకో యూజర్‌కి అదే నంబర్ వస్తే అవన్నీ వాడివైపోతాయి. ఫైండ్ కమాండ్‌లో నోయూజర్ పెట్టి వెతికితే బయటపడతాయి.

ఈసారికి లేటయింది గానీ, ఇంకోసారి తీసేసే ముందే డీపీకేజీని పెద్ద ఎల్‌తో కొట్టి ఫైళ్ల లిస్ట్ సేవ్ చేసుకో, పూర్తిగా తీసేశాక అడిగితే అది చెప్పదు. నడిచేటప్పుడు పుట్టిన లాగ్‌లు, డేటా ఆ లిస్ట్‌లో ఉండవు, అవి నువ్వే వెతుక్కోవాలి.

డౌన్‌టైమ్ దొరికితే ఒక రీబూట్ ఇచ్చి ఆ సాఫ్ట్‌వేర్ పోర్ట్ మళ్ళీ చూసి, ఏం వచ్చిందో నాకు రాయి.

మీ అన్న