లవ్‌లెస్, స్పైడర్‌ల్యాండ్, బీ థౌజండ్: అందరూ మెచ్చుకునేవి మీ చెవికి ఎందుకు ఎక్కడం లేదంటే

ఈ మూడూ మేటి రాక్ ఆల్బమ్‌లంటారు గానీ మొదటిదాంట్లో మాటలు వినపడవు, డ్రమ్స్ పలచగా ఉన్నాయి, రెండోదాంట్లో ఏమీ జరగదు, మూడోది పాడైన క్యాసెట్‌లా ఉంది, లోపం నాదా వాటిదా అని అడిగారు. సగం లోపం మీ ప్లేయర్ సెట్టింగులది. ముందు క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగు) ఆపేయండి, బేస్ బూస్ట్ తీసేయండి. వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటల శబ్దాన్ని ఒకే మట్టానికి తెచ్చేది) ఉంటే పాట పాటకీ వేరుగా కాకుండా ఆల్బమ్ మొత్తానికీ ఒకే లెక్కన పనిచేసేలా పెట్టండి.

లవ్‌లెస్ (1991) సంగతి. మై బ్లడీ వాలెంటైన్ బ్యాండ్‌లో కెవిన్ షీల్డ్స్ గిటార్ ట్రెమోలో ఆర్మ్‌ని (తీగల బిగువు మార్చే కడ్డీని) చేత్తో పట్టుకునే తీగలు మీటుతాడు. అందుకే శ్రుతి కాస్త పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. టేప్ సాగిపోయిందేమో అనిపించేది అదే. దానిమీద రివర్స్ రివర్బ్ (వెనక్కి తిప్పిన ప్రతిధ్వని) వేస్తే స్వరం మొదలు మెత్తబడిపోతుంది, ఎక్కడ మీటాడో తెలియదు. గొంతుల్ని కావాలనే గిటార్ల మట్టానికి దించి కలిపారు. మాటల కోసం చెవి రిక్కిస్తే విసుగే మిగులుతుంది, పట్టుకోవాల్సింది రాగాన్ని. మొదటి పాటలో నాలుగు డ్రమ్ దెబ్బల తర్వాత పైన కీచుమనే గిటార్ వరసే అసలు పల్లవి, గొంతు వచ్చేసరికి అది తప్పుకుంటుంది. ఈ రాకపోకలు దొరికితే మిగతా ఆల్బమ్ దారి దానంతటదే తెలుస్తుంది.

బేస్ పెంచి వింటే ఇది బురదే, ఎందుకంటే గొంతూ గిటార్లూ ఉన్నది మధ్య స్థాయిలో. మరీ తక్కువ వాల్యూమ్‌లో ఉత్త హోరు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ (బాగా కుదించిన ఫైలు) అయితే పైస్థాయి శబ్దమంతా నీళ్లలో గిలకొట్టినట్టవుతుంది, మంచి కాపీ వెతుక్కోండి. డ్రమ్స్ పలచగా ఉన్నాయన్న మీ ఫిర్యాదు మాత్రం న్యాయమే: డ్రమ్మర్ అనారోగ్యం వల్ల చాలా పాటల్లో ఆయన వాయింపు శాంపిళ్లనే (రికార్డు చేసిన చిన్న ముక్కలనే) పేర్చారు. డ్రమ్స్ జోరు కావాలంటే అదే బ్యాండ్ 1988 ఆల్బమ్ ఈజంట్ ఎనీథింగ్ వినండి.

స్లింట్ బ్యాండ్ ఆల్బమ్ స్పైడర్‌ల్యాండ్ (1991) ఆరు పాటలే, నలభై నిమిషాల లోపు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటే: మొదట్లో గొణుగుడు వినపడలేదని వాల్యూమ్ పెంచడం, ఆపైన గిటార్లు విరుచుకుపడగానే గాభరాగా తగ్గించేయడం. దాంతో ఆల్బమ్ ప్రాణమే పోతుంది. ముందుగా చివరి పాట ఆఖరి నిమిషం పెట్టి, ఆ అరుపు చెవి భరించగలిగే మట్టుకు వాల్యూమ్ ఖాయం చేసుకోండి. తర్వాత మొదటి పాటకు వెళ్లండి, మళ్లీ ముట్టుకోవద్దు. బస్సులో, రోడ్డుమీద ఇది వినే ఆల్బమ్ కాదు, బయటి చప్పుడు నెమ్మది భాగాల్ని మింగేస్తుంది. ఏమీ జరగదన్నది మాత్రం ఒప్పుకోను. జరిగేదంతా వాయింపు బలం మార్పులోనే ఉంది.

గైడెడ్ బై వాయిసెస్ బ్యాండ్ ఆల్బమ్ బీ థౌజండ్ (1994) ఎక్కువగా ఫోర్‌ట్రాక్ (నాలుగు శబ్దాల్ని విడివిడిగా ఎక్కించే) క్యాసెట్ రికార్డర్ మీద తయారైంది. దాదాపు 36 నిమిషాల్లో 20 పాటలు. మొదటి పాటలో గిటార్ కాసేపు మాయమవుతుంది, కేబుల్ పీకి చూడకండి, రికార్డింగే అంత. మంచి హెడ్‌ఫోన్స్ పెడితే టేప్ బుస ఇంకా పెద్దదవుతుంది తప్ప లాభం లేదు, మామూలు స్పీకరే మేలు. ఇందులో కొన్ని ముక్కలు నాకు ఇప్పటికీ తీసేయదగ్గవే అనిపిస్తాయి. అయినా షఫుల్ వద్దు. ఒంటరిగా తీస్తే అసంపూర్తిగా ఉండే నిమిషం పాట, వరసలో పక్క పాటకు ఎత్తుగడలా పనిచేస్తుంది.

ఇవన్నీ చేసినా ఎక్కకపోతే పిక్సీస్ బ్యాండ్ ఆల్బమ్ డూలిటిల్ (1989) నుంచి రండి. గిల్ నార్టన్ నిర్మాణం శుభ్రంగా ఉంటుంది, మెల్లగా మొదలై ఒక్కసారిగా పేలే పద్ధతి అలవాటవుతుంది. అది విన్నాక అదే బ్యాండ్‌ది, స్టీవ్ ఆల్బీనీ రికార్డు చేసిన సర్ఫర్ రోసా (1988), ఆపైన స్పైడర్‌ల్యాండ్. లవ్‌లెస్‌ని ఆఖర్న పెట్టుకోండి.